మూలనున్న శకటు

ఆ కాలానికి ఇంటింటా వంట యంత్రానిదే. చదరంగంలో దాన్ని ఓడిస్తేనే మనుషులకు పొయ్యి వెలిగేది. బుర్రలు తుప్పు పట్టకూడదని పెట్టిన నియమం అది.

మాణిక్యమ్మ నెలరోజులుగా ఓడుతోంది. యంత్రం తాలూకు శకటు బల్ల మూలన నక్కి, ఏటవాలుగా అంతా ఊడ్చేస్తోంది. ఈరోజు మనవరాలు కొలువులో చేరుతోంది. చేపల పులుసు తన చేత్తోనే పెట్టాలి.

ఈసారి ఆమె శకటు దారికి అడ్డంగా ఒక బంటును నిలిపి, దానికి కాపుగా వెనక మరో బంటును పెట్టింది. శకటు మూలనే ఉండిపోయింది. గంటలో పొయ్యి వెలిగింది.

"ఈ ఎత్తు ఎక్కడ నేర్చారు, అమ్మగారూ?" అంది యంత్రం.

"వీధి కుళాయి దగ్గర. ఒట్టి బిందె పెడితే ఎవరైనా తోసేస్తారు. వెనకాల మనిషుంటే ముట్టుకోరు."

"పులుసు ఎలా పెడతారో చూడొచ్చా?"

"చూడు. ఆ మూలనుంచే చూడు."