పై వాటా

"మొరుగుతుందా?" కత్తెర ఆపకుండా అడిగింది టైలరమ్మ.

"అయ్యో, నోట్లో నాలుక లేని జీవమండీ. ఇంట్లో కుక్క ఉందన్న సంగతే ఎవరికీ తెలీదు," అన్నాడు బ్యాంకు గుమాస్తా. అతని చంకలో ఉన్న బొచ్చుకుక్క బుద్ధిగా కళ్ళార్పింది.

"మీకు కుదరదు. వెళ్ళిరండి."

గుమాస్తా బిక్కమొహం వేసుకుని కొట్టు మెట్లు దిగాడు. అతన్ని వెంటబెట్టుకొచ్చిన బ్రోకరుకి ఒళ్ళు మండింది.

"ఏంటక్కా ఇది? కుక్కలున్నా, పిల్లులున్నా పై వాటా అద్దెకిస్తామని బోర్డు పెట్టించిందీ నువ్వే, వచ్చినవాళ్ళని తరిమేసేదీ నువ్వే. మొన్న పిల్లితో వచ్చిన నర్సమ్మని పొమ్మన్నావు. నిన్న కుందేళ్ళవాళ్ళని గుమ్మమే ఎక్కనివ్వలేదు. నా చెప్పులు అరిగిపోతున్నాయి."

"అరిగితే కుట్టించుకో."

ఆ కసి ఎక్కడిదో బ్రోకరుకి తెలుసు. ఒకే ఒక్కసారి, ముక్తసరిగా చెప్పిందామె. మూడేళ్ళ కిందట ఆపరేషన్ చేయించుకుని ఆ ఇంటికి తిరిగొచ్చేసరికి గుమ్మంలో గొలుసొక్కటే ఉంది. ఎనిమిదేళ్ళు కన్నబిడ్డలా సాకిన కుక్క లేదు. మొరిగి నిద్ర చెడగొడుతోందని ఊరవతల దింపేసి వచ్చారు. కడుపుమీద కుట్లు సలుపుతున్నా, నెల రోజులు సందుసందూ తిరిగింది. దొరకలేదు. తర్వాత ఆ ఇంట్లో ఉండలేక ఈ కొట్టు వెనక గదిలోకి మారిపోయింది.

'ఎవరిమీదో కోపం పాపం వీళ్ళందరి మీదా తీర్చుకుంటోంది,' అనుకున్నాడు బ్రోకరు.

ఆరో మనిషి, గోడలకు రంగులేసేవాడు, మధ్యాహ్నం వచ్చాడు. వెంట దూడంత నల్లకుక్క. అది గుమ్మంలోంచే ఒక్క అరుపు అరిచింది. బల్లమీద గుండుసూదుల డబ్బా గలగలమంది.

"మొరుగుతుందా?"

అతను తల గోక్కున్నాడు. "అబద్ధమెందుకమ్మా, తెల్లారుజామున మొదలెట్టిందంటే ఆపడం నా తరం కాదు. దీని మూలంగా మూడిళ్ళు ఖాళీ చేశాను. అందరూ వదిలేయమనేవాళ్ళే. మా ఆవిడ పెంచిందమ్మా దీన్ని. ఆవిడ పోయింది. దీన్నెలా వదిలేది?"

కత్తెర ఆగింది.

"ఇంట్లో పరిగెడుతుందా?"

"గుర్రంలాగా. ఉరిమితే ఊళ కూడా పెడుతుంది," నేల చూపులు చూశాడతను.

టైలరమ్మ లేచొచ్చి కుక్క ముందు మోకాళ్ళమీద కూర్చుంది. అది ఆమె అరచేయి వాసన చూసి, మొహమంతా నాకేసింది. ఆమె తుడుచుకోలేదు. సొరుగులోంచి తాళం తీసి అతని చేతిలో పెట్టింది.

"సామాను ఇవాళే దించుకోండి. కుక్కని పంపేయమని ఎవరొచ్చి గొడవ చేసినా, నాతో మాట్లాడుకోమనండి."

రంగులతను తాళం కళ్ళకద్దుకున్నాడు. "నిజం చెబితే పొమ్మంటారనుకున్నానమ్మా."

"నిజం చెప్పారనే ఇస్తున్నాను."

ఇన్నాళ్ళూ ఆమె వెతికింది నిజం చెప్పే మనిషి కోసమన్నమాట! బ్రోకరు కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఒక్క షరతు," అంది టైలరమ్మ. "రాత్రిళ్ళు దాన్ని వీధివైపు గదిలోనే పడుకోబెట్టాలి."

విడాకుల పంపకంలో కింది వాటా దక్కించుకుని, ఆ గదికి సరిగ్గా కింద మంచం వేసుకున్నది ఆమె మాజీ మొగుడు.