కొత్త ఇరుసు

"ఆ ఇటుకల మీద చెయ్యి వెయ్యకండి బంగార్రాజు గారండి," అన్నాడు మెకానిక్ జయపాల్.

కట్టెల అడితి యజమాని బంగార్రాజు వంగినవాడు అలాగే తలెత్తాడు. "మరి నిమ్మకాయలు ఎక్కడ పెట్టమంటావయ్యా? నీ నెత్తినా?"

"ట్రాక్టర్ రానివ్వండి. తగిలించాక పెట్టుకుందురుగాని."

దుంగలు చీల్చే మిషన్ గట్టు వాలు మీద నిలబడి ఉంది. మొన్నటిదాకా దానికి చిన్న ఇనప చక్రాలే. వాన పడితే బురదలో దిగబడి, నలుగురు తోసినా కదిలేది కాదు. జయపాల్ రెండు రోజులు కష్టపడి ఇరుసు మార్చి, కారు టైర్లు బిగించాడు. ఇప్పుడు ఒంటిచేత్తో నెట్టినా కదులుతుంది. బ్రేకు లేదు. వాలు వైపు రెండు చక్రాలకీ చెరో ఇటుక అడ్డం ఉంది, అంతే.

వాలు చివర పాపాయమ్మ ఇడ్లీ పాక. బల్ల మీద ఐదారుగురు ఇటు వీపులు పెట్టి తింటున్నారు.

"తొమ్మిదింటికి వర్జ్యం వచ్చేస్తుందండి," అంది బంగార్రాజు భార్య చిట్టెమ్మ, టైరుకి కుంకుమ బొట్లు పెడుతూ. "ఆ ట్రాక్టర్ ఎక్కడుందో."

"రావులపాలెంలో అరటి గెలలు దింపుతున్నాడంట," అన్నాడు బంగార్రాజు.

"అయితే రేపు చేసుకోండి," అన్నాడు జయపాల్.

"రేపు అమావాస్య. నీ పని నువ్వు చేశావు కదా, ఇంక పైవాడు చూసుకుంటాడు."

"పైవాడు చూస్తాడండి. కింద పాక ఉందని నేను చెబుతున్నాను."

చిట్టెమ్మ చెయ్యి ఆగింది. "ఏవండీ, కాస్త ఆలస్యమైతే స్వామికి కోపం వస్తుందంటారా?"

బంగార్రాజు రెండు ఇటుకలూ లాగేసి, వాటి చోట నిమ్మకాయలు పెట్టాడు. మిషన్ వాటికి ఆని నిలబడింది.

"చూశావా?" అన్నాడు.

జయపాల్ నవ్వలేదు. మిషన్ వెనకగా తిరిగి అవతలి వైపుకి వెళ్ళి నిలబడ్డాడు.

బంగార్రాజు కొబ్బరికాయని మిషన్ ఇనప దూలం మీదే కొట్టాడు. ఒక్క దెబ్బకి పగిలింది. కర్పూరం వెలిగించి హారతి తిప్పి, పళ్ళెం కింద పెట్టి, చేతులు జోడించి కళ్ళు మూసుకుని స్తోత్రం అందుకున్నాడు. చిట్టెమ్మ కూడా కళ్ళు మూసుకుని గంట వాయించింది. కొత్త బేరింగులు చప్పుడు చెయ్యవు. మధ్యలో ఎవరో మూలిగినట్టు ఆమెకి అనిపించింది. కానీ ఆయన స్తోత్రం పూర్తి కాకుండా కళ్ళు తెరవకూడదు.

గంట ఆగింది. ఇద్దరూ కళ్ళు తెరిచారు.

ఇవతలి చక్రం కింద నిమ్మకాయ చితికిపోయి ఉంది. మిషన్ జానెడు ముందుకు జరిగి ఆగింది. కింద పాకలో ఎవరూ తల తిప్పలేదు. పాపాయమ్మ చట్నీ వడ్డిస్తోంది.

బంగార్రాజు కళ్ళు చెమర్చాయి. "చూశావా చిట్టెమ్మా? నిమ్మకాయ వరకే జరిగింది. స్వామే అడ్డం నిలబడ్డాడు." గొంతు పెంచాడు. "జయపాల్, రావయ్యా. హారతి కళ్ళకద్దుకో, నీ సొమ్మేం పోదు."

జయపాల్ పలకలేదు.

చిట్టెమ్మ హారతి పళ్ళెం పట్టుకుని మిషన్ అవతలికి వెళ్ళింది. అవతలి చక్రం కింద, ఇటుక తీసేసిన చోట, స్పృహ తప్పి పడున్న జయపాల్ కాలు ఉంది.