పక్క చేను విత్తనం

విత్తనాల సంచిలో ఎవరో చెయ్యి పెట్టారు.

అతను గొర్రు వదిలేసి గట్టు మీదికి పరిగెత్తాడు.

నడివయసు ఆడమనిషి. చెరకులా కాడ పిండి పాకం తీసే తీపి జొన్నలు గుప్పెడు అరచేతిలో పోసుకుని పరీక్షగా చూస్తోంది.

"ఎవరమ్మా నువ్వు? అడక్కుండా సంచిలో చెయ్యేంటి?"

"ఈ రకం విత్తకు తమ్ముడూ. ఏపుగా పెరుగుతుంది కానీ ఆలస్యంగా పండుతుంది. మిల్లు మూసేలోపు కాడకి తీపి పట్టదు."

"నాకు కావాల్సింది ఆ ఎత్తే. పక్క చేనువాడు మెడ నొప్పెట్టేలా తలెత్తి చూడాలి."

పక్క చేను అతని బావది; చెల్లెల్ని చేసుకునే ముందు వేరే ఊరి నుంచి వచ్చి కొన్నాడు.

పెళ్ళయిన ఏడాదికే చెల్లెల్ని ఇంట్లోంచి గెంటేశాడు బావ. నలుగురిలో నిలబడి, "పనికిమాలిన సరుకు అంటగట్టారు" అన్నాడు. ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

ఈ ఏడు పాకం మిల్లువాళ్ళు ఓ మాట చెప్పారు. ఎవరి చేని రసం అందరికంటే తియ్యగా ఉంటే, ఇకమీదట విత్తనం పెంచి రైతులకిచ్చే పని వాళ్ళదే. ఎంతటివాడైనా విత్తనానికి వాళ్ళ గుమ్మం ముందు నిలబడాల్సిందే.

"వాడొచ్చి నా ముందు చెయ్యి చాపాలి," అన్నాడు ఆ రోజే ఇంట్లో చెల్లెలితో.

"చాపనీ అన్నయ్యా," అంది చెల్లెలు, కుట్టుమిషను ఆపకుండానే. "లేదు పొమ్మని నేను చెప్తాను."

ఇప్పుడీ ముక్కూముఖం తెలియని మనిషి అడ్డుపుల్ల వేస్తోంది.

ఆమె చంకలోని గుడ్డమూట తీసి గట్టు మీద పెట్టింది.

"ఇవి విత్తు. మీ బావ వేసేదీ ఇదే రకం. యూరియా నేను చెప్పినంతే వెయ్యి. వాడి రసం కంటే నీది తియ్యగా ఉంటుంది."

"మా బావ రకం నీ చేతికెలా వచ్చింది?"

ఆమె మూటని అతని వైపు జరిపింది.

"వాడు పంపితే వచ్చావన్నమాట!"

మూట విప్పి కాలువలో దులిపేశాడు. నీళ్ళలో కొట్టుకుపోతున్న గింజల్ని చూస్తూ ఆమె కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

అతని చేను మొలిచింది. యూరియా పడేకొద్దీ నల్లగా నిగనిగలాడుతూ లేచింది. బావ చేను ఛాతీ దాటకముందే ఇతనిది మనిషిని ముంచేసింది. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తుంటే అతనికి కడుపు నిండిపోయేది.

ఇంకో బస్తా తెచ్చాడు.

విప్పుతుండగా మళ్ళీ ఆమె.

"ఇక చాలు తమ్ముడూ. యూరియా ఎక్కువైతే కాడలో నీరే తప్ప తీపుండదు. ఓ గాలొస్తే పడిపోతుంది."

"మా బావ ఓడిపోతాడని నీకంత బెంగేంటి?"

"నువ్వు ఓడిపోతావని నా బెంగ."

"మళ్ళీ ఈ గట్టెక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!"

మట్టిగడ్డ తీసి విసిరాడు. అది ఆమె భుజానికి తగిలి పగిలింది. ఆమె భుజం పట్టుకుని నడిచింది, వెనక్కి చూడలేదు.

అతను బస్తా అంతా చల్లాడు. గుప్పెడు గుప్పెడుకీ బావని తిట్టుకుంటూ చల్లాడు.

కోతకి ముందు గాలి వీచింది. చేను సగం చాప చుట్టేసినట్టు పడుకుంది. నిలబడ్డ కాడలే కోసి, చెల్లెల్ని వెంటబెట్టుకుని మిల్లుకి వెళ్ళాడు.

పరీక్ష చేసేవాడు అతని రసం చుక్క తీపి కొలిచే గొట్టం అద్దం మీద వేసి, కన్ను పెట్టి చూసి, పెదవి విరిచాడు.

"నీళ్ళు. ఇంకా తీపి పట్టలేదు."

బావ రసం అందరికంటే తియ్యగా తేలింది.

"విత్తనం కావాలంటే మా ఇంటికి రా బావమరిదీ," అన్నాడు బావ, అందరికీ వినపడేలా. "ఇవ్వాలో వద్దో ఆలోచిస్తా."

జనం ఘొల్లుమన్నారు. అతను తల దించుకుని బయటికి నడిచాడు.

గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది.

"అదిగో, వేడుక చూడ్డానికొచ్చింది! నే చెప్పానే, వాడు పంపిన మనిషి, అదే!"

చెల్లెలు అటు చూసింది.

"అక్కా!" అంటూ పరిగెత్తింది.

ఆమె చెల్లెలి చెంప ఒక్కసారి నిమిరి, కదులుతున్న బస్సెక్కేసింది.

"ఆవిడ నీకెలా తెలుసే?" అన్నాడు అన్న.

"వాడింట్లో ఒక్కసారి చూశాను. నా దగ్గర ఒక్క మూటే మిగిలింది, మిగతా నా విత్తనం నాకిమ్మని అడగడానికొచ్చింది. వాడు గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు."

"తన విత్తనమా?"

చెల్లెలు బస్సు వెళ్ళిన వైపే చూస్తూ అంది: "ఆ రకం ఏళ్ళ తరబడి ఏరి ఏరి తయారుచేసింది ఆవిడే అన్నయ్యా, నాకంటే ముందు వాడు గెంటేసిన పెళ్ళాం."