ప్రమాదాల పుస్తకం

“జలపాతమా? నీళ్లు పైనుంచి కింద పడితే చూడ్డానికి అంత దూరం పోవాలా? మన కుళాయికేం రోగం?” అంటూ తల్లి నోటుపుస్తకం తెరిచింది. విహారయాత్రల్లో జరిగిన ప్రమాదాల వార్తలను పేపర్లోంచి కత్తిరించి, చోటుకో పేజీ చొప్పున పన్నెండేళ్లుగా అందులో అంటిస్తోంది. “ఇదిగో, సెల్ఫీ తీసుకుంటూ జారిపడ్డ మహానుభావుడు!”

“పోనీ, మంచుకొండలు?” అంది పెళ్లయి నెల తిరగని కూతురు.

“బస్సు లోయలో పడింది. పదకొండో పేజీ.”

“ఎడారికి వెళ్లమంటారా, అత్తయ్యా?” అన్నాడు అల్లుడు.

“ఇసుక చూడ్డానికి సెలవు పెడతారా, బాబూ? ఎదురింటివాళ్లు మేడ కడుతున్నారు, వాళ్ల గుమ్మం ముందు కావలసినంత ఉంది. ఒంటె తన్నిన కథ కూడా ఉంది, చదవనా?”

“సముద్రమో?”

“అదైతే నాలుగు పేజీలు మింగింది. ఏటా సముద్రం, సముద్రం అని మీ మామయ్యగారూ కలవరించేవారు. గడప దాటనిచ్చానా?”

కూతురికి ఒళ్లు మండింది. “మరి నాన్న ఏ పేజీలో ఉన్నాడమ్మా?”

“ఆయనకు పేజీ ఎందుకే? నిక్షేపంగా ఇంట్లోనే పోయారు. అదిగో, ఆ కుర్చీలోనే, పేపరు చదువుతూ...”

తన మాట తన చెవిన పడి తల్లి ఆగిపోయింది. ఖాళీ కుర్చీ వైపు చూసి నోటుపుస్తకం మూసేసింది.

“సరే, ఆ సముద్రానికే వెళ్లి ఏడువు,” అంది కూతురిని కసురుతూ. “మోకాళ్ల దాకా దిగితే చాలు. మీ నాన్న కోసం కావాలంటే ఇంకో జానెడు.”