తేలికైన తలుపు

కారులో ఎవరో నిద్రపోతున్నారు.

డిజైన్ హెడ్ మేడమ్‌కి ఒళ్ళు మండింది. ఆమెకే సరైన నిద్ర లేక కళ్ళు పీక్కుపోయాయి.

చిన్న బ్యాటరీతో ఎక్కువ దూరం పోవాలంటే కారు తేలిగ్గా ఉండాలి. అందుకని ఆమె టీమ్ ఇనుము తీసేసి జనపనార పలకలు పెట్టింది. ఒక్కో స్క్రూ కోసం కొట్టుకున్నంత పని చేసింది.

ఇదే కంపెనీలో మరో టీమ్ మరో కారు చేస్తోంది. ఒకరి ముఖం ఒకరికి తెలియకూడదని రూలు. రెండింట్లో ఒకటే రోడ్డెక్కుతుంది, రెండోది తుక్కులోకి పోతుంది. ఏది ఏమిటో ఈ సాయంత్రం తేలిపోతుంది.

"ఏవండీ! లేవండి! ఇదేమన్నా మీ ఇంట్లో మంచమా?"

నెరిసిన గడ్డం పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు.

"ఏమనుకోకమ్మా. కాసేపు కూర్చుందామని ఎక్కాను, కన్నంటుకుంది."

"ఎవరు మీరు? బ్యాడ్జీ ఏది?"

"ఇక్కడివాణ్ణే. ఇవాళ్టితో సరి. బ్యాడ్జీ ఇందాకే ఇచ్చేశాను."

రిటైరైనవాళ్ళ షికారుకి నా కారే దొరికిందా అని విసుక్కుంది ఆమె.

"చూడాలంటే ఇంకో రోజు రండి. ఇవాళ మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాం."

పెద్దాయన దిగాడు. దిగినవాడు ఊరుకోకుండా తలుపుని వేలితో నెట్టాడు. అది మెత్తగా మూసుకుంది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ వేశాడు.

"బరువే తెలీట్లేదు! లోపలి ఇనుప కడ్డీ తీసేశారా?"

"తీసేశాం. ఇక దయచేస్తారా?"

"నాకైతే ధైర్యం చాలేది కాదమ్మా" అని నవ్వాడాయన.

ఆమె ఓపిక అక్కడితో అయిపోయింది. గార్డుని కేకేసింది.

"నడవండి పెద్దాయనా" అంటూ గార్డు మోచెయ్యి పట్టుకున్నాడు. "మేడమ్ ఇవాళ అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నారు."

గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆమె తలుపు మీద ఆయన వేలిముద్రలు తుడుస్తోంది.

సాయంత్రం డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"కంగ్రాట్సమ్మా. మీ కారే!"

టీమంతా గోల గోల. ఆమె మాత్రం కుర్చీలో కూలబడింది. సంతోషించడానికి కూడా ఒంట్లో శక్తి లేదు.

"పాపం, అవతలివాళ్ళు ఏమన్నారు సార్?"

"నిజం చెప్పాలంటే మేమంతా వాళ్ళ కారువైపే మొగ్గామమ్మా. మధ్యాహ్నం వాళ్ళ హెడ్డే రెండు కార్ల పరీక్షల ఫలితాలూ చూసి, 'వాళ్ళదే మేలు, నాది ఆపేయండి' అని పట్టుబట్టాడు. తన టీమ్‌ని మీకు ఇచ్చేయమని చెప్పి, తను ఉద్యోగం మానేశాడు."

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి మనిషి ఒకడు ఉంటాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఆయన్ని ఒక్కసారి కలవాలి సార్. ఎక్కడున్నారు?"

"అదేంటమ్మా, వెళ్ళిపోయే ముందు మీ కారులో కాసేపు కూర్చుంటానని, బ్యాడ్జీ ఇచ్చేసి తిన్నగా మీ దగ్గరికే వచ్చాడుగా!"