పరదా వెనుక పాట

"పరదా కట్టాల్సిందే మేడం. పాడేటోని మొఖం జడ్జీలకు కనపడొద్దు. అప్పుడే న్యాయం."

స్వామి పట్టు విడిచేలా లేడు. మాదాపూర్‌లోని ఆ ఆఫీసుల సముదాయంలో పనిచేసే డ్రైవర్లకు, సెక్యూరిటీ వాళ్లకు, హౌస్‌కీపింగ్ వాళ్లకు ఏటా జానపద పాటల పోటీ పెట్టి ఉత్తమ గాయకుడి షీల్డు ఇస్తారు. నడిపించేది కనకలక్ష్మి మేడం. నాలుగేళ్లుగా షీల్డు గేటు దగ్గరి సెక్యూరిటీ రాజేందర్‌కే. నాలుగేళ్లుగా రెండో బహుమతి, అంటే ఒక స్టీలు టిఫిన్ డబ్బా, క్యాబ్ నడిపే స్వామికి. తోటి డ్రైవర్లు అతన్ని 'సెకండ్ స్వామి' అని పిలుస్తున్నారు. ఆ పేరు మొన్న ఇంటిదాకా వచ్చింది. అది విని భార్య సరిత కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ పూట స్వామి అన్నం ముట్టలేదు. ఈసారి షీల్డు తెచ్చి ఆ పేరు చెరిపేయకపోతే తల ఎత్తుకోలేడు.

"ఈ ఒక్క ఏడాదికి ఎప్పటిలాగే కానివ్వండి స్వామీ," అంది కనకలక్ష్మి. "వచ్చే ఏడు నుంచి మీరన్నట్టే చేద్దాం."

"ఈ ఏడు ఎందుకొద్దు?"

ఆవిడ చూపు తిప్పుకుంది. "నా మాట నమ్మండి. ఊరికే గొడవెందుకండీ?"

నమ్మాలట. ఆ రాజేందర్ గానికి ముందే ఖాయం చేసిన్రు, అందుకే ఈ తిప్పలు, అనుకున్నాడు స్వామి.

గేటు దగ్గర రాజేందర్ ఎదురొచ్చాడు. "అన్నా, పరదా గిరదా ఎందుకే? జర ఊకోరాదు. నీకే నష్టం."

"బెదిరిస్తున్నవా?"

"లేదే. నీ మంచికే చెప్తున్న."

స్వామికి ఒళ్లు మండిపోయింది. నిజానికి రాజేందర్ మీద మండటానికి అతనికి కారణం అక్కర్లేదు. వాడి ఇస్త్రీ యూనిఫాం చూస్తే మంట. సాఫ్ట్‌వేర్ పిల్లలు వాడికి గుడ్ మార్నింగ్ చెబితే మంట. వాడు పాట ఎత్తుకుంటే తన కాలు దానంతటదే తాళం వేస్తుంది చూడండి, అదింకా పెద్ద మంట.

స్వామి డ్రైవర్లందరినీ కూడగట్టాడు. పరదా లేకపోతే ఒక్కడూ పోటీకి రాడని తేల్చి చెప్పించాడు. కనకలక్ష్మి నిట్టూర్చి సరేనంది. ఇక్కడి వాళ్లెవరితోనూ ముఖపరిచయం లేని సంగీతం టీచర్లిద్దరిని కొత్తగూడ నుంచి పిలిపించింది.

పోటీ రోజు మధ్యాహ్నం ఫుడ్ కోర్టులో నీలం పరదా కట్టారు. పేర్లు లేవు, నంబర్లే. స్వామి ప్రాణం పెట్టి పాడాడు. ఎక్కడా గొంతు జారలేదు. తర్వాత ఇంకో గొంతు లేచింది. అది ఎవరిదో స్వామికి తెలుసు. కాలిని అదిమిపెట్టి నిలబడ్డాడు.

టీచర్లు ఒకరినొకరు చూసుకోనైనా లేదు. "మొదటి బహుమతి ఐదో నంబరు."

పరదా పక్కనుంచి రాజేందర్ వచ్చాడు. తల దించుకునే ఉన్నాడు. రెండో బహుమతి ఎవరిదో వేరే చెప్పాలా? వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"షీల్డు ఇంకా రాలేదండీ. వచ్చే వారం ఇస్తాం," అంటూ కనకలక్ష్మి రాజేందర్ చేతికి ఒక పూలగుత్తి ఇచ్చింది.

కానీ ఆవిడ కాలితో బల్ల కిందికి ఒక అట్టపెట్టెను నెట్టడం స్వామి చూశాడు. ఇంకేముంది, దొంగతనం బయటపడింది. టీచర్లు కూడా వీళ్ల మనుషులే అన్నమాట.

"షీల్డు రాలేదా మేడం? మరి గా పెట్టెల ఏముంది?"

"స్వామీ, అది ముట్టుకోకండి."

"పాట కాకముందే వాని పేరు చెక్కించిన్రు. ఇయ్యాల అందరికీ సూపిస్త."

రాజేందర్ అడ్డం వచ్చాడు. "వద్దన్నా. నీ కాళ్లు మొక్కుత, వద్దు."

స్వామి వాడిని పక్కకు తోశాడు. పెట్టె చించి, షీల్డు బయటికి లాగి, అందరికీ కనపడేలా రెండు చేతులతో తల మీదికి ఎత్తాడు. "సూడుండ్రి. మంచిగ సూడుండ్రి. ఇదీ వీళ్ల న్యాయం."

డ్రైవర్లు షీల్డు వంక చూసి, అతని వంక చూసి, నేల చూపులు చూశారు. స్వామి చేతులు దించి షీల్డు తనవైపు తిప్పుకున్నాడు.

దాని మీద చెక్కి ఉన్నది స్వామి పేరు.