మూతకు వెనక పక్క

దారిన పోయే దానయ్య ఒకడు బస్సు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చాడు.

పరశురాములు అప్పుడు ట్రాలీ కప్పు మీద కూర్చుని రేకు మూతకు బోల్టు బిగిస్తున్నాడు.

హాలియాలో ట్రాలీలు చేసే వెల్డర్లలో పరశురాములుకు మంచి పేరుంది. ఆ పేరును ఊరికంటే తనే ఎక్కువ నమ్మాడు.

ఈ ట్రాలీ అమ్మకానికి కాదు, తమ్ముడు సాయికిరణ్‌కు. వాడు వరికోత మిషన్ డ్రైవరు. సీజనంతా కాలువ పక్క పొలాల్లోనే పడక. పోయినేడు టార్పాలిన్ కింద పడుకుని, దోమలు కుట్టి, పదిహేను రోజులు దవాఖానలో ఉన్నాడు.

అందుకని అన్న ఫోన్‌లో క్యాంపర్ బండ్లు చూసి చూసి, ట్రాలీ మీద రేకుల గది కట్టాడు. రెండు మంచాలు, ఒక తలుపు, కప్పుకు కంతలు కోసి, లోపలి గాలిని బయటికి లాగే రెండు ఫ్యాన్లు. దోమలొస్తాయని కిటికీలు పెట్టలేదు.

మొదటి వానకే ఫ్యాన్ల సందుల్లోంచి నీళ్లు కారి పరుపులు తడిశాయి. ఇక చుక్క కూడా పడదని పరశురాములు తమ్ముడికి మాటిచ్చాడు. నాలుగు పక్కలా మూసిన రేకు పెట్టెలు చేసి, అంచులకు రబ్బరు వేసి, ఫ్యాన్ల మీద మూతల్లా బోర్లించాడు.

వచ్చిన మనిషికి అరవై దాటి ఉంటాయి. పేరు పర్వతాలు అని, ఊరు రామన్నపేట అని అడక్కుండానే చెప్పాడు. ఈ బండిలో మనుషులు పడుకుంటారా అని అడిగాడు.

పడుకోక పూజ చేస్తారా, నా తమ్ముడి కోసమే కట్టిన అన్నాడు పరశురాములు.

"మూతకు ఎనక పక్క తెరిచిపెట్టు బిడ్డా. రేకును కిందికి వంచి దోమల జాలీ కొట్టు. బండి ముంగటికి పోతది గద, ఎనకనుంచి వాన రాదు. గాలి మాత్రం ఆడతది."

పరశురాములుకు ఒళ్లు మండింది. పిలవని పేరంటానికి వచ్చి పని నేర్పుతున్నాడు. నకిరేకల్‌లో కొత్తగా షెడ్డు పెట్టినవాడే తన పేరు చెడగొట్టడానికి ఇతన్ని పంపాడనుకున్నాడు.

పర్వతాలు వాదించలేదు. అతన్ని గదిలోకి పిలిచి, తలుపు మూసి, ఫ్యాన్లు రెండూ వేసి, బీడీ ముట్టించాడు.

ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. పొగ కప్పుదాకా పోయి మళ్లీ మొహాల మీదికే వచ్చింది.

పరశురాములు చూశాడు. చూసింది ఒప్పుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

బయట టీ బండి దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఇన్నాళ్లకు పరశురాములుకు గురువు దొరికాడని ఒకడు నవ్వాడు. ఆ నవ్వు చాలు, పరశురాములు పెద్దాయన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు మీద వదిలేశాడు.

మరునాడు ఆయన మళ్లీ వచ్చాడు. చేతిలో పానాలు, చంకలో జాలీ ముక్క. కూలి వద్దు, తానే చేసిపోతానన్నాడు. పొమ్మంటే పోయినట్టే పోయి, పరశురాములు అన్నం ముందు కూర్చున్న సమయం చూసి కప్పెక్కాడు.

నాలుగు బోల్టులు విప్పాడో లేదో, పరశురాములు ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చి కాలు పట్టి కిందికి లాగాడు. చెంప మీద కొట్టాడు. తండ్రి వయసు మనిషిని కొట్టడం అతనికి అదే మొదటిసారి.

పర్వతాలు చెంప తడుముకోలేదు. చేతులు జోడించాడు.

"మూత తీయకుంటె తీయకు. లోపట నిప్పు పెట్టొద్దని నీ తమ్మునికి చెప్పు. గదొక్కటి చెప్పు బిడ్డా."

తమ్ముడు ట్రాలీ తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆ మాట పరశురాములు నోటిదాకా వచ్చింది. చెబితే ముసలాయన గెలిచినట్టవుతుందని మింగేశాడు.

కార్తీకంలో ముసురు పట్టింది. కోతలు ఆగిపోయాయి. సాయికిరణ్, రెండో డ్రైవరు బెంజమిన్ గదిలోనే ఉండిపోయారు. దోమలకు తాళలేక బొగ్గుల కుంపటిలో వేపాకు వేసి తలుపు వేసుకున్నారు. ఆ పల్లెల్లో ఎవరైనా చేసే పనే అది.

తెల్లారి వాన వెలిసిందని పొలం రైతు వచ్చి పిలిచాడు. ఎంతకీ తీయకపోతే గడ్డపారతో తలుపు పెకిలించాడు.

ఇద్దరూ నిద్రపోతున్నట్టే ఉన్నారు. ఒంటి మీద గీత లేదు. పరుపుల మీద చుక్క నీరు లేదు.

తల్లి నిర్మలమ్మ ఏడుస్తూనే పెద్దకొడుకును ఓదార్చింది. నువ్వు వాని మంచికే చేసినవు బిడ్డా అంది. ఆ ఓదార్పు పరశురాములు భరించలేకపోయాడు. అతని తప్పు తెలిసినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడి చేత తిట్టించుకోవాలి, కొట్టించుకోవాలి. లేకపోతే బతకలేననిపించింది.

పదకొండో రోజు దాటాక రామన్నపేట బస్సెక్కాడు.

పర్వతాలు ఇంటి గడప మీద కూర్చుని ఉన్నాడు. పరశురాములు గుండు చూడగానే ఆయనకు అంతా తెలిసిపోయింది.

"ఎంతమంది?" అన్నాడు.

"ఇద్దరు. నా తమ్ముడు, బెంజమిన్." పరశురాములు ఆయన కాళ్ల మీద పడ్డాడు. "కొట్టు పెద్దయ్యా. ఒక్క మాట చెప్తె బతుకుతుండె. నేను చెప్పలే."

పర్వతాలు కొట్టలేదు, తిట్టలేదు. గడప మీద కొంచెం జరిగి అతనికి జాగా ఇచ్చాడు. ఇంట్లో ఇంకెవరి అలికిడీ లేదు.

ఇదంతా నీకెట్ల తెలుసని పరశురాములు అడిగాడు.

"నేను గూడ వెల్డర్నే. నేను బిగించిన మూత కింద గూడ ఇద్దరే పోయిండ్రు బిడ్డా," అన్నాడు పర్వతాలు, "నా కొడుకు, నా కోడలు."